మావారు పరుగు ఆపలేకపోతున్నారు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. మావారికి 39 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ల కిందట మా మామగారు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడే మావారు ఆఫీసు పనిలో పడ్డారు, ఆ వారంలోనే పొద్దున పరుగు మొదలుపెట్టారు. మొదట్లో అందరం సంతోషించాం. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు గంటలు పరుగు, సాయంత్రం జిమ్. జ్వరం వచ్చినా ఆపరు. వాచీలో అడుగుల లెక్క పూర్తి కాలేదని రాత్రి పదకొండున్నరకు పడకగదిలో అటూ ఇటూ నడుస్తారు. నాలుగు నెలల కిందట కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఎనిమిది వారాలు పరుగు వద్దని డాక్టరుగారు చెబితే పది రోజులకే మళ్లీ మొదలుపెట్టారు. ఆ పది రోజులూ నిద్ర లేదు, అందరి మీదా అరుపులు, ఒక రాత్రి బాల్కనీలో కూర్చుని ఏడవడం చూశాను. మామగారి ఆబ్దికం నాడు ఉపవాసంతోనే పాతిక కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి తద్దినం పెట్టారు. అన్నం దాదాపు మానేశారు, తినేది కూడా వంటింటి కాటా మీద తూచుకుని తింటారు. మా ఇద్దరి మధ్య దగ్గరితనం కూడా తగ్గిపోయింది. అత్తగారితో చెబితే ‘తాగి రావడం లేదు కదమ్మా, ఆరోగ్యం కోసమే కదా’ అంటారు. మొన్న మా తొమ్మిదేళ్ల పాపకు అన్నం వడ్డించబోతే ‘నేను ఇవాళ పరుగెత్తలేదు కదమ్మా, కొంచెం చాలు’ అంది. నాకు భయం వేసింది. వ్యాయామం కూడా వ్యసనం అవుతుందా? నేనేం చేయాలి?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అవును, వ్యాయామం వ్యసనంగా మారగలదు. మీరు రాసిన వివరాలను బట్టి మీవారు ఆ దారిలో చాలా దూరమే వెళ్లారనిపిస్తోంది. ఉత్తరం చదివి రోగనిర్ధారణ చేయడం ఎవరికీ తగదు. ఆ పని ఆయనను ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడిన వైద్యులే చేయాలి. అయినా మీరు గోరంతను కొండంత చేయడం లేదని చెప్పడానికి మీ ఉత్తరం చాలు.

మీ అత్తగారి మాటలో ఈ సమస్యకున్న అసలు ఇబ్బంది దాగి ఉంది. తాగుడు వల్ల ఇంటికి వచ్చే కష్టం ఇరుగుపొరుగుకు కూడా కనిపిస్తుంది, బంధువులు నలుగురూ కూర్చుని మందలిస్తారు. తెల్లవారకముందే లేచి పరుగెత్తే మనిషిని మాత్రం అందరూ మెచ్చుకుంటారు. ఆఫీసులో ఆయన ఆదర్శం, రన్నింగ్ గ్రూపులో ప్రతి పరుగుకూ అభినందనలు, ఒంట్లో బాగాలేని రోజున పరుగెత్తితే మరిన్ని అభినందనలు. చుట్టూ ఇంత మెప్పు ఉన్నప్పుడు, తనకు సాయం అవసరమన్న ఆలోచన ఆ మనిషికి రావడం కష్టం. ఇంట్లో వాళ్లు ఆ మాట ఎత్తితే అసూయగానో అజ్ఞానంగానో తోచడం సులువు.

ఇది చదువుతున్న మిగతా పాఠకులకు ఒక మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం కావాలి, మనలో చాలామంది ఆ మాత్రం కూడా చేయరు. రోజూ గంటసేపు నడిచేవారు, ఇష్టపడి మారథాన్‌కు సిద్ధమయ్యేవారు ఈ ఉత్తరం చూసి కంగారు పడనవసరం లేదు. సాధారణ జనంలో వ్యాయామ వ్యసనం అరుదైనదే. హంగరీలో దేశవ్యాప్తంగా జరిగిన ఒక సర్వేలో ఆ ముప్పున్నవారు 1% కంటే తక్కువగానే తేలారు. ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్కతో దీన్ని పట్టుకోలేం. ఎక్కువ దూరం పరుగెత్తే ఆరోగ్యవంతులు ఉన్నారు, తక్కువ దూరానికే బందీలైనవారూ ఉన్నారు. ఆపవలసి వచ్చిన రోజున ఆ మనిషి ఏమవుతున్నాడన్నదే చూడాలి.

ఈ సంగతి వైద్యులకు అనుకోకుండా తెలిసింది. ఫ్రెడరిక్ బేక్‌లాండ్ అనే అమెరికన్ పరిశోధకుడు వ్యాయామం మానేస్తే నిద్ర ఎలా మారుతుందో చూడాలనుకుని, రోజూ వ్యాయామం చేసేవారిని నెల రోజులు ఆపమని అడిగారు. డబ్బు ఇస్తామన్నా వాళ్లు ఒప్పుకోలేదు. చివరకు వారానికి మూడు నాలుగు రోజులు మాత్రమే చేసేవారితో ఆ పరిశోధన జరపవలసి వచ్చింది. 1970లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, వాళ్లలో కూడా ఆ నెలలో ఆందోళన పెరిగింది, నిద్ర చెదిరింది. 1976లో విలియం గ్లాసర్ అనే సైకియాట్రిస్టు, పరుగు మనిషికి మేలు చేసే వ్యసనమని ప్రచారం చేశారు. ఆ తరవాత మూడేళ్లకే, 1979లో, విలియం మోర్గాన్ అనే మనస్తత్వవేత్త దానికి రెండో వైపు చూపించారు. పరుగు లేకుండా రోజు గడవదని నమ్మడం, ఆపితే కుంగుబాటూ ఆందోళనా రావడం, గాయం గురించి డాక్టరు హెచ్చరించినా ఉద్యోగానికీ కుటుంబానికీ నష్టం జరుగుతున్నా కొనసాగించడం: ఇవి ఉంటే ఆ పరుగు హానికరమైన వ్యసనమేనని ఆయన వాదన. మీవారు ఆపిన పది రోజుల గురించి మీరు రాసినదాన్ని ఆ మాటల పక్కన పెట్టి చూడండి.

ఒక వివరం ముందే తెలిసి ఉండటం మంచిది. వైద్యులు వాడే ప్రధాన వర్గీకరణలలో, అంటే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి డీఎస్ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11లో గానీ, వ్యాయామ వ్యసనానికి ప్రత్యేకమైన జబ్బుగా చోటు లేదు. జూదానికి రెండింటిలోనూ ఉంది, వీడియో గేములకు రెండోదానిలో ఉంది. అందువల్ల మీరు వెళ్లిన డాక్టరు చీటీ మీద ఈ పేరు రాయకపోవచ్చు. ఆందోళన అనో, డిప్రెషన్ అనో, తిండికి సంబంధించిన రుగ్మత అనో రాయవచ్చు. దాన్ని బట్టి మీ బాధను వాళ్లు పట్టించుకోలేదని అనుకోకండి. చాలామందిలో అడుగున ఉన్నది నిజంగానే వాటిలో ఒకటి, చికిత్స మొదలవ్వవలసింది కూడా అక్కడే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం పెద్దకర్మ మర్నాటి గురించినది. తండ్రి హఠాత్తుగా పోయిన మనిషి పన్నెండు రోజులు కర్మకాండ జరిపించి, వచ్చినవారందరికీ సమాధానం చెప్పి, తల్లిని ఓదార్చి, పదమూడో రోజున కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మన ఇళ్లలో పెద్దకొడుకు ఏడవడానికి విడిగా సమయం ఉండదు. ఆ దుఃఖమూ, ‘నాన్నకు వచ్చింది నాకూ వస్తుంది’ అన్న భయమూ రెండూ కలిసి ఆయనను ఆ వారంలోనే రోడ్డు మీదకు పంపాయని నా నమ్మకం. మొదట్లో పరుగు ఆయనను నిజంగా కాపాడి ఉంటుంది కూడా. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డిప్రెషన్ ఉన్న 156 మంది పెద్దవయసువారి మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 16 వారాల క్రమమైన వ్యాయామం సెర్ట్రలిన్ అనే మందుకు దాదాపు సమానంగా పనిచేసింది. మీవారు ఎవరూ రాసివ్వని మందును సొంతంగా కనిపెట్టుకున్నారు, అది పనిచేసింది. అయితే మోతాదు చూసేవారు ఎవరూ లేరు. తలనొప్పికి రోజూ మాత్ర వేసుకునేవాడికి కొన్నాళ్లకు ఒకటి చాలనట్టు, మనసు కుదుటపడటానికి మొదట అయిదు కిలోమీటర్లు సరిపోయినవాడికి ఆ తరవాత పది, ఇరవై కావలసి వస్తాయి. హాయి కోసం మొదలైన పరుగు, పరుగెత్తకపోతే వచ్చే భయాన్ని తప్పించుకోవడానికి చేసే పరుగుగా మారిపోతుంది. ఆబ్దికం నాటి పాతిక కిలోమీటర్లను నేను అలాగే చదివాను. ఆ తెల్లవారుజామున తండ్రి జ్ఞాపకంతో ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల అయి ఉండదు.

ఆ భయం గురించి ఆయనకు ఎవరైనా చెప్పవలసిన కథ ఒకటుంది. 1970లలో అమెరికాలో పరుగును ఇంటింటికీ చేర్చినవారిలో జిమ్ ఫిక్స్ ముఖ్యుడు. ఆయన తండ్రికి 35వ ఏట మొదటి గుండెపోటు వచ్చింది, 43వ ఏట మరణించారు. ఫిక్స్ తాను కూడా 35వ ఏట, బాగా లావుగా ఉండి సిగరెట్లు తాగే రోజుల్లో, పరుగు మొదలుపెట్టి మనిషే మారిపోయారు. 1984లో, 52వ ఏట, పరుగెత్తుతూనే గుండెపోటుతో పోయారు. శవపరీక్షలో గుండె రక్తనాళాలు తీవ్రంగా పూడిపోయి ఉన్నట్టు తేలింది. పరుగు ఆయనను చంపిందని దీని అర్థం కాదు, తండ్రి కంటే ఎక్కువ కాలం బతకడానికి అదే కారణమై ఉండవచ్చు. కానీ వంశంలో గుండెజబ్బు ఉన్నవారికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ పరీక్షలూ గుండెడాక్టరు సలహా తప్పవు. మీవారు ఈ మూడేళ్లలో గుండెకు సంబంధించిన పరీక్షలు చేయించుకున్నారా? చేయించుకోకపోతే మొదటి అపాయింట్‌మెంట్ అక్కడే తీసుకోండి. పరుగు మానమని చెప్పే డాక్టరు దగ్గరకు ఆయన రారేమో కానీ, గుండె గురించి అయితే కాదనరు. కొద్ది రోజుల విశ్రాంతితో గుండె బలం పోదనీ, ఊపిరి పట్టు తగ్గడం తెలియడానికే పది పదిహేను రోజులు పడుతుందనీ డాక్టరు నోటి నుంచి వింటే ఆ మాటకు ఉండే బరువు వేరు.

ఇక తిండి సంగతి. వ్యాయామ వ్యసనం ఉన్నవారిలో కొందరికి వ్యాయామమే అసలు సమస్య; కొందరికి తిండి గురించీ బరువు గురించీ ఉన్న భయం అసలు సమస్య అయి, వ్యాయామం దానికి పనిముట్టు అవుతుంది. కాటా మీద తూచుకోవడం, అన్నం మానడం, ఉపవాసంతో పరుగెత్తడం చూస్తే మీవారిలో రెండోది కూడా ఉందేమో వైద్యులు పరిశీలించాలి. తిండి రుగ్మతలు అమ్మాయిలకే వస్తాయన్న అపోహ వల్ల మగవాళ్లలో వాటిని గుర్తించడం ఆలస్యమవుతుంది. ఖర్చయ్యే శక్తికి తగినంత తినని స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో స్త్రీ పురుషులిద్దరికీ వర్తించేలా వివరించారు. ఒంట్లో శక్తి చాలనప్పుడు శరీరం అత్యవసరం కాని పనులను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటుంది: ఎముకలు పలచబడతాయి, దెబ్బలు త్వరగా మానవు, తరచూ జలుబూ జ్వరమూ వస్తాయి, చిరాకు పెరుగుతుంది, నిద్ర పట్టదు. స్త్రీలలో నెలసరి ఆగిపోతుంది, పురుషులలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను తగ్గి దాంపత్యం మీద ఆసక్తి పోతుంది. దగ్గరితనం తగ్గిపోయిందని మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లారు. దానికి మీలో లోపం వెతుక్కోకండి. ఆ ఎముక విరగడానికీ ఈ దూరానికీ మూలం ఒకటే కావడానికి అవకాశం ఉంది, అది రక్తపరీక్షలో తెలిసే విషయం, చాలావరకు సరిదిద్దుకోగల విషయం కూడా.

కాలి ఎముక విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే ఎముకలో సన్నని పగులు. దాని మీద పరుగెత్తుతూ పోతే కొన్ని చోట్ల అది పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఆర్థోపెడిక్ డాక్టరుకు మళ్లీ చూపించి, పది రోజులకే పరుగు మొదలుపెట్టిన సంగతి దాచకుండా చెప్పండి. ఎముక సాంద్రత, విటమిన్ డి, టెస్టోస్టెరాన్ పరీక్షలు అవసరమా అని మీరే అడగండి.

పాప అన్న మాటకు వద్దాం. ఆ వయసు పిల్లలు మనం చెప్పేదానికంటే మనం చేసేదే ఎక్కువ నేర్చుకుంటారు. పరుగెత్తితేనే అన్నం తినే అర్హత వస్తుందని పాప తన కళ్లతో చూసి తెలుసుకుంది. కంగారు పడి మందలించకండి, ‘అలా అనకూడదు’ అని పెద్దది చేయకండి. ఎదిగే ఒంటికి ఆడినా ఆడకపోయినా, బడి ఉన్నా సెలవైనా అన్నం కావాలని మామూలు గొంతుతో చెప్పి వడ్డించండి. ఇంట్లో ఎవరి లావూ సన్నం గురించీ మాటలు రానివ్వకండి, కాటాను పాప కంటపడని చోట పెట్టండి. ఆ తరవాత కూడా పాప తిండి తగ్గిస్తున్నట్టు, బరువు పడిపోతున్నట్టు అనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

మీవారితో ఎలా మాట్లాడాలన్నది మీ అసలు ప్రశ్న. తెల్లవారుజామున ఆయన బూట్ల లేసులు కట్టుకుంటున్నప్పుడు మాత్రం ఎత్తకండి. ఆ క్షణంలో ఎవరు అడ్డొచ్చినా ఆయనకు శత్రువే. బూట్లు దాచడం, వాచీ లాక్కోవడం, బంధువుల ముందు పంచాయితీ పెట్టడం కూడా పనిచేయవు, దొంగచాటు పరుగులకు దారితీస్తాయి. పాప నిద్రపోయాక, ఇద్దరూ తిని స్థిమితంగా ఉన్న ఒక సాయంత్రం చూసుకోండి. ‘మీకు పరుగు పిచ్చి పట్టింది’ అనే బదులు మీరు చూసినది చెప్పండి: ‘ఆ రోజు మీరు బాల్కనీలో ఏడవడం చూశాను, లోపలికి వచ్చి అడగడానికి ధైర్యం చాలలేదు. పరుగెత్తని రోజున మీకు లోపల ఏమవుతోంది?’ అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. మామగారి గురించి మాట వస్తే రానివ్వండి. పాప అన్న మాట కూడా చెప్పండి, నిందగా కాకుండా జరిగింది జరిగినట్టుగా. చాలామంది తండ్రులను కదిలించేది అదే. మొదటిసారే ఒప్పుకుంటారని ఆశించకండి. కోపం రావచ్చు, మాట మార్చవచ్చు, ‘నువ్వు కూడా రా, తెలుస్తుంది’ అనవచ్చు. ఆ రోజుకు అక్కడితో వదిలేసి, మరో పది రోజులకు మళ్లీ అడగండి.

పరుగును పూర్తిగా మాన్పించడం లక్ష్యం కాదని ఆయనకు స్పష్టంగా చెప్పగలగడం ముఖ్యం, ఎందుకంటే ఆయనకున్న పెద్ద భయం అదే. తాగుడులో ఒక్క చుక్క కూడా వద్దంటాం. ఇక్కడ ఎముక మానాక వారంలో ఒకటి రెండు రోజుల విశ్రాంతితో, ఒంట్లో బాగాలేనప్పుడు ఆగగలిగే పరుగు మళ్లీ రావాలన్నదే ప్రయత్నం. వేరే ఆసరా ఏదీ ఇవ్వకుండా ఉన్నపళంగా ఆపించడం ప్రమాదం కూడా. మూడేళ్లుగా పరుగు అణచిపెట్టిన కుంగుబాటు ఒక్కసారిగా పైకి వస్తుంది, ఆ పది రోజుల్లో మీరు చూసింది అదే అయి ఉంటుంది. అందుకే ఎముక కోసం విశ్రాంతి, మనసు కోసం చికిత్స ఒకేసారి మొదలుకావాలి. ఈ వ్యసనానికంటూ ప్రత్యేకంగా మందు లేదు. అడుగున డిప్రెషనో ఆందోళనో ఉంటే సైకియాట్రిస్టు దానికి మందు ఇస్తారు. క్లినికల్ సైకాలజిస్టు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ‘ఈరోజు పరుగెత్తకపోతే ఏదో అయిపోతుంది’ వంటి నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టిస్తారు: ఒక రోజు అడుగుల లెక్క పూర్తి చేయకుండా పడుకోవడం, ఆ రాత్రి వచ్చిన ఆందోళన ఎంతసేపు ఉండి ఎలా తగ్గిందో రాసుకోవడం, ఆ తరవాత రెండు రోజులు. తండ్రి మరణం గురించి మాట్లాడటానికి కూడా అక్కడ చోటు దొరుకుతుంది.

మీ అత్తగారిని ఎదుటి పక్షంగా చూడకండి. భర్తను గుండెపోటుకు పోగొట్టుకున్న మనిషికి కొడుకు పరుగెత్తడం కొండంత ధైర్యంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఎముక పగిలిన ఎక్స్‌రేనో ఎమ్మారై రిపోర్టో ఆవిడకు చూపించి, డాక్టరు చెప్పిన ఎనిమిది వారాల మాట వినిపించండి. ‘నాన్నగారి కోసం నువ్వు జాగ్రత్తగా ఉండాలిరా’ అని ఆవిడ చెబితే ఆ మాట మీరు చెప్పేదానికంటే లోతుగా తగులుతుంది.

ఆయన డాక్టరు దగ్గరకు రానంటే మీరొక్కరే వెళ్లండి. ఇంటి మనిషి వచ్చి సలహా అడగడం సైకాలజిస్టులకు కొత్త కాదు, మీ నిద్రా మీ మనసూ కూడా ఈ మూడేళ్లలో నలిగి ఉంటాయి. హైదరాబాద్‌లో ప్రైవేటు వైద్యులతో పాటు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఔట్‌పేషెంట్ విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పరుగు ఆగిన రోజుల్లో ఆయన ‘నేను ఉండి ఏం లాభం’ వంటి మాటలు అన్నా, రోజుల తరబడి తినక, నిద్రపోక ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరుగు మధ్యలో ఛాతీ నొప్పి గానీ, కళ్లు తిరిగి పడిపోవడం గానీ, విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం గానీ జరిగితే అది కూడా అత్యవసరమే. ఆ లక్షణాలను ఆయనకు ముందే చెప్పి ఉంచండి, రన్నింగ్ గ్రూపులో ఆయనకు దగ్గరైన ఒకరికి మీ ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి.